కొండకు దండ వేసిన ఏడాది

మొన్న ఎండాకాలం మొదట్లో తిరుపతిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పొద్దున లేచి బాల్కనీలోకి వస్తే ఎదురుగా ఉండాల్సిన కొండ కనపడలేదు. కొంచెం పసుపు కలిసిన తెలుపు వీధి చివరిదాకా పరుచుకుని ఉంది. కింద పాలప్యాకెట్ల కోసం వచ్చినవాళ్ళు "ఎండాకాలంలో గూడా మంచు పడతా ఉండాదే, ఏం ఇడ్డూరమప్పా!" అని ముచ్చటపడుతున్నారు. మా అల్లుడు కాఫీ గ్లాసుతో వచ్చి "ఊటీలో ఉన్నట్టుంది కదత్తయ్యా" అన్నాడు. మంచివాడే, నెల్లూరు వైపు వాడు, కొండల సంగతి తెలియదు. అది మంచు కాదని నా ముక్కు అప్పటికే చెప్పేసింది. పచ్చి ఆకు మాడిన చేదు, దాని వెనకాల నిమ్మతొక్కను నిప్పుల్లో వేసినట్టు సన్నటి వాసన. అది కొండ మీది బోదగడ్డి కాలిన వాసన. లోపలికి వెళ్ళి ఒక్కొక్క కిటికీ మూస్తూ వచ్చాను. "ఇంత చల్లగా ఉంటే మూసేస్తావేంటమ్మా, నీకు మరీ చాదస్తం" అని మా అమ్మాయి విసుక్కుంది. దాని కూతురికి ఉబ్బసం. ఆ పిల్ల పడుకున్న గది కిటికీ నేను అన్నిటికంటే ముందే మూశాను.

మధ్యాహ్నానికల్లా అది మంచు కాదని అందరికీ తెలిసింది. కొండలు కాలుతున్నాయట. టీవీలో చెప్పారు, ఫోన్లలో చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ పూటంతా మా సుగుణక్క పక్కన కూర్చున్నట్టే ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నో రాశాను గానీ ఆమె గురించి ఎప్పుడూ రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు కూడా వచ్చిందని చెప్పలేను.

చంద్రగిరి దాటి లోపలికి వెళితే మా ఊరు. ఏడుకొండలవాడి కొండ మాకు దూరాన ఉండేది, పండక్కీ పబ్బానికీ నడిచి ఎక్కేది. మా ఇంటి వెనకాల ఉన్నది మా కొండ. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. ఇంటికప్పు మీదికి బోదగడ్డి, వాకిట్లోకి చీపురు, పొయ్యిలోకి కట్టె, ఎండాకాలంలో పిల్లల నోట్లోకి సారపండ్లు, అన్నీ అక్కడి నుంచే దిగేవి. ఆ కొండకు ఒక దేవర ఉండేది. గుడీ లేదు, రాయీ లేదు, పూజారీ లేడు. ఆవు తప్పిపోయినా, బిడ్డకు జ్వరం దిగకపోయినా ఆడవాళ్ళు వెనక వాకిట్లో నిలబడి కొండ వైపు చూసి మొక్కుకునేవాళ్ళు. ఆ దేవరకు కోడి అక్కర్లేదు, మేక అక్కర్లేదు. అనుకున్నది జరిగితే ఎండాకాలంలో, పొద్దుగూకే వేళ, ఒక మనిషి పైకి పోయి గడ్డికి నిప్పంటించి వచ్చేవాడు. చీకటి పడేసరికి కొండ నడుముకు ఎర్రటి వరస ఒకటి కదులుతూ కనపడేది. దాన్ని మేము కొండకు దండెయ్యడం అనేవాళ్ళం. అడవి గార్డులకు తెలిస్తే ఊరుకోరు కాబట్టి ఎవరు వేశారో పైకి చెప్పుకునేవాళ్ళు కాదు. చెప్పాల్సిన పని కూడా లేదు. ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళయినా ఆ వెలుగు కనపడగానే చేతులు జోడించి "ఎవురికో బాగైంది" అనేవాళ్ళు. సంగటి తింటున్నా ఎంగిలి చేతులతోనే జోడించేవాళ్ళం. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు బాగైందని అంత సంతోషపడే అలవాటు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అందుకే దాన్ని తిట్టబోయి కూడా తిట్టలేకపోతాను.

ఈ మొక్కుకు ఒక షరతు ఉండేది. ఎవరి కోసం మొక్కారో వాళ్ళు ఆ వెలుగును కళ్ళారా చూసి దండం పెట్టాలి.

సుగుణక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పల్చటి మనిషి, మాటలో మాత్రం పులుపు ఎక్కువ. నా జడ వేస్తూ "నీ యెంటికలు కంటే మన బర్రె తోక నయం మే" అనేది. చిన్నప్పటి నుంచి ఆమెకు ఊపిరి సరిగా ఆడేది కాదు. చలికాలం వస్తే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. నేను ఆ కూతలు వింటూ నిద్రపోయేదాన్ని. వేరే పిల్లలకు అమ్మ జోలపాట ఎలాగో నాకు అది అలాగ.

ఆలోచిస్తే మా ఇల్లంతా పొగే. నీళ్ళు కాగే కాగు కింద చెనక్కాయ పొట్టు రాజుకుంటూ ఉండేది. వంటింట్లో తడికట్టెలు. సాయంత్రం కొట్టంలో దోమలకు వేపాకు. శుక్రవారం సాంబ్రాణి. మా నాయన బీడీ. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పొగను మూడు రకాలుగా విడదీసేది. పొయ్యి పొగ కళ్ళకు చెడ్డది. మందు పొగ ఒంటికి మంచిది. దేవుడి పొగ అన్నిటికీ మంచిది. అక్కకు ఆయాసం వచ్చినప్పుడు అవ్వే ఎండిన ఉమ్మెత్త ఆకు నిప్పుల మీద వేసి, దుప్పటి కప్పి, "పీల్సు తల్లీ, లోపలికంటా పీల్సు" అనేది. అక్క పీల్చేది. ఒక్కోసారి తగ్గేది కూడా. తగ్గిన సార్లే అవ్వకు గుర్తుండేవి.

ఆ ఏడాది పుష్యమాసంలో మా తోటలో బెల్లం వండుతున్నారు. చెరుకుపిప్పి మంట, పెద్ద పెనం, ఊరంతా తియ్యటి వాసన. అక్కడికి చెరుకురసం తాగడానికి పోయిన అక్క నడిచి తిరిగి రాలేదు. మోసుకొచ్చారు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఎద్దులబండి కట్టి రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. బండి కదులుతుంటే అవ్వ వెనక వాకిట్లోకి పోయి, కొంగు రెండు చేతుల్లో పట్టుకుని, కొండకు వినపడాలని గట్టిగా అన్న మాట నేను విన్నాను. "తల్లీ, ఈ బిడ్డ ఊపిరి నిలబెట్టు. ఎండలు రాంగానే నీకు దండేస్తాను. ఒక కొస నుంచి ఇంకో కొసకి."

అక్క బతికి వచ్చింది. డాక్టరు మందులిచ్చి, నాయనను పక్కకు పిలిచి, ఈ పిల్లకు పొగ తగలనియ్యొద్దని గట్టిగా చెప్పాడు. మా నాయన ఎవరి మాటా సులభంగా వినే మనిషి కాదు. ఆ మాట మాత్రం విన్నాడు. బీడీకట్ట తీసి పెరట్లోకి విసిరేశాడు. కాగు గోడ అవతలికి పోయింది. దొడ్డిచివర నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పి వంట అక్కడికి మార్చారు. అమ్మ సంగటి కుండ మోసుకుని దొడ్డంతా దాటి ఇంట్లోకి వచ్చేది. సాంబ్రాణి మానేశారు. అవ్వ గొణిగింది గానీ ఒప్పుకుంది. మా ఇంట్లో మొదటిసారి గాలికి గాలి వాసన వచ్చింది.

తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంటుంది, ఆ వెంటనే భయం వేస్తుంది. అక్క మళ్ళీ బడికి పోయింది. పదో తరగతి పరీక్షలు రాసి టీచరమ్మ కావాలని ఆమె ఆశ. చింతచిగురు కోయడానికి కొమ్మ ఎక్కింది. నాతో తొక్కుడుబిళ్ళ ఆడి, దొంగాటాడి గెలిచింది. ఒళ్ళు కొంచెం వచ్చింది. పడుకుంటే చప్పుడు లేదు. నాకు నిద్ర పట్టేది కాదు. ఆమె ఛాతీ మీద చెయ్యి వేసి, లేస్తోందా లేదా అని చూసుకుని అప్పుడు కళ్ళు మూసేదాన్ని. ఒకసారి ఆమె మేలుకునే ఉండి "నేనేం సచ్చిపోలేదులే, పడుకో" అని నా చెవి మెలేసింది.

ఉగాది దాటింది. బోదగడ్డి నిలువునా ఎండిపోయి, గాలి వీస్తే కొండంతా గలగలమనేది. అవ్వ రోజూ దాని వైపు చూసేది. చూసి నాయన వైపు చూసేది. చివరికి ఒక పూట అన్నం దగ్గర అడిగింది.

"యెప్పుడు ఏపిస్తావు సుబ్బరాయుడూ దండ?"

నాయన ముద్ద పెట్టుకోకుండా ఆగాడు. "డాక్టరు ఏం సెప్పినాడో నీకూ తెలుసు గదమ్మా. పొగ తగలకూడదన్నాడు."

"పొయ్యి పొగ సంగతి సెప్పినాడు ఆయన. దేవర పొగ ఆయనకేం తెలుసు? ఆయన ఈ ఊరోడా?"

"పొగ ఏదైనా పొగే గదా."

"ఊపిరి ఇచ్చింది ఎవురు? ఇచ్చినామె వచ్చి మొక్కేమైందని అడిగితే నువ్వు ఇస్తావా నీ ఊపిరి?"

అమ్మ అత్తగారి ముందు ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ రోజు గడప దగ్గర నిలబడి అంది. "అట్లయితే బిడ్డను ఆ పొద్దుకు సిత్తూరికి, మా యన్న ఇంటికి పంపిద్దాం అత్తా. కొండకు దూరంగా ఉంటాది."

"ఎవురికి మొక్కినామో ఆ బిడ్డే సూడకపోతే అది మొక్కు తీర్సినట్టా, గడ్డి తగలబెట్టినట్టా?"

నాయన మొహంలో రెండు భయాలు కనపడ్డాయి. డాక్టరు భయం కొత్తది, దేవర భయం పుట్టినప్పటి నుంచి ఉన్నది. మా అవ్వను రాక్షసి అనుకోకండి. ఆ ఇంట్లో అక్క మీద అందరికంటే ఎక్కువ ప్రాణం ఆమెకే. అక్క ఛాతీలో ఉన్నది దేవర ఇచ్చిన ఊపిరి అని, తీర్చకపోతే లాగేసుకుంటుందని ఆమెకు తిండి సయించడం లేదు.

తీర్పు చెప్పింది అక్కే. మజ్జిగ గ్లాసు కింద పెట్టి నవ్వింది. "యెందుకు నాయనా ఇంత రచ్చ? నాకు బాగైంది గదా. బాగైనోళ్ళు మొక్కు తీర్సాల గదా. ఏసెయ్యండి. నేను సూస్తా."

గొర్రెలు కాసే మునెప్పను పిలిచారు. దండలు వేసేది ఎక్కువగా అతనే. కాలిన చోట తొలకరికి లేతగడ్డి మొలుస్తుంది, అతని గొర్రెలకు కూడా మంచిదే. వాకిట్లో దుమ్ము పిడికెడు తీసి గాలికి వదిలి చూశాడు. "గాలి అవతలికి పోతా ఉండాది. మన ఊరికి పొగ రాదు. ఒక్క పూటకి ఆరిపోతాది, బయపడాకండి" అన్నాడు. నాయన ఆ మాటనే ఊతకర్రలా పట్టుకున్నాడు.

పొద్దు వాలాక అక్క తలంటుకుని, పసుపు పరికిణీ కట్టుకుని, పెరట్లో నిలబడింది. ముందు ఒక చుక్క కనపడింది. తర్వాత అది సాగింది. కొండ నడుముకు అడ్డంగా, నెమ్మదిగా, ఎవరో పూలు గుచ్చుతున్నట్టు పెరిగింది. నేను ఎన్నో దండలు చూశాను గానీ మా దండ అని చూడడం అదే మొదలు. గర్వంగా ఉంది. ఒప్పుకుంటాను, చాలా గర్వంగా ఉంది. అవ్వ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అక్క చేతులు జోడించి, నా వైపు ఓరగా చూసి, "సూడు మే, చంద్రగిరోళ్ళంతా ఇప్పుడు నాకు దండం పెడతా ఉంటారు" అంది. పొగ నిజంగానే అవతలికి పోతోంది. అమ్మ ఒక్కతే దండం పెట్టలేదు. తడిపిన పంచెలు కిటికీలకు కట్టడానికి లోపలికి వెళ్ళింది.

తెల్లవారేసరికి గాలి మాట మార్చింది. కొండ మీద చల్లబడిన గాలి పొగను కిందికి తోసుకొచ్చి ఊళ్ళో దించింది. పొద్దు పొడిచినా పొడవనట్టే ఉంది. సూర్యుడు రాగిచెంబు అడుగులాగా కనపడ్డాడు, కళ్ళు మూయకుండా చూడొచ్చు. కాకులు అరవలేదు. ఎండబోసిన చెనక్కాయల మీద నల్లటి పేలికలు రాలాయి. చేత్తో తాకితే పొడి. ఒక పూటకు ఆరిపోతుందన్న మంట లోయలోకి దిగి, రెండో కొండ ఎక్కి, దాని వెనక వరసను అందుకుంది. గార్డులు వచ్చారు, మా ఊరి మగవాళ్ళంతా పచ్చికొమ్మలు తీసుకుని పైకి పోయారు. మొహాలు నల్లగా, కళ్ళు ఎర్రగా తిరిగి వచ్చారు. నాయన కూడా పోయాడు. మునెప్ప మాత్రం గొర్రెలను తోలుకుని ఎటో వెళ్ళిపోయాడు. కొండ మీది కోతులు మా వీధిలోకి దిగి, ఏమీ పీక్కుతినకుండా గోడల మీద కూర్చున్నాయి. వాటిని ఎవరూ తరమలేదు.

చిత్రం ఏమిటంటే మొదట అక్కకు ఏమీ కాలేదు. ఊరంతా దగ్గుతుంటే ఆమె తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని పుస్తకం చదువుకుంది. "సూసినారా, దేవర పొగ అన్నాను గదా" అంది అవ్వ. మేమంతా ఆ మాట నమ్మాం. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన సమయాన్ని నమ్మకంలోనే గడిపేశాం. ఆ సాయంత్రం చాప మీద పక్కన పడుకుంటే సన్నగా, ఎక్కడో దూరాన పిల్లి అరిచినట్టు వినపడింది. నాకు అలవాటైన చప్పుడు. ఇన్ని వారాలుగా లేక నాకు నిద్ర పట్టని చప్పుడు. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. తర్వాత లేచి కూర్చుని ఆమె ఛాతీ మీద చెయ్యి వేశాను.

పొద్దునకు ఆమె కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, మెడ నరాలు తేలేటట్టు గాలి కోసం లాగుతోంది. తలుపు తీస్తే పొగ, మూస్తే ఊపిరాడదు. నాయన ఆమెను చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు, బండి కట్టేదాకా కూడా ఆగలేదు. అమ్మ, అవ్వ, నేను వెనకాల. బస్సు పట్టపగలు లైట్లు వేసుకుని వచ్చింది. లోపల కూడా పొగే. అక్కను అమ్మ ఒళ్ళో పడుకోబెట్టారు. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. పక్క సీట్లో ఒక ముసలామె, మాకు తెలియని మనిషి, మామిడికాయల బుట్ట పెట్టుకుని కూర్చుంది. బస్సు మలుపు తిరగ్గానే పొగ కొంచెం విడి, దూరంగా ఆ ఎర్రటి వరస కనపడింది. ఆమె బుట్ట పక్కకు జరిపి చేతులు జోడించింది.

"మొన్నట్నుంచి కాలతానే ఉండాది. ఎంత పెద్ద దండేసినారో! ఎవురి బిడ్డకో బాగైనట్టుండాది. సల్లగా బతకనీ తల్లీ."

ఆమె జోడించడం చూసి మా అవ్వ చేతులు కూడా అలవాటుకొద్దీ ఒళ్ళోంచి లేచాయి. సగంలో ఆగిపోయాయి. అలాగే, ఎటూ కాకుండా, గాలిలో ఉండిపోయాయి. అప్పుడు ఆ ముసలామె అక్కను చూసి "ఈ బిడ్డకేమైంది మ్మా?" అని అడిగింది. అక్క విన్నదని నాకు తెలుసు. ఆమె వేళ్ళు నా చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కాయి.

ఆసుపత్రిలో వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. మధ్యాహ్నం దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది.

కొండ ఎప్పుడు ఆరిందో నాకు గుర్తులేదు. వాన పడి ఆరిందన్నారు. నాయన మళ్ళీ బీడీ మొదలుపెట్టాడు, ఎవరూ వద్దనలేదు. అవ్వ తన మంచం తిప్పించి, కొండకు వీపు పెట్టి పడుకునేది. "మొక్కు తీర్సినాం గదా, తీర్సినాం గదా" అని ఒక్కోసారి గోడతో అనేది. అమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ వంటను మళ్ళీ ఇంట్లోకి తేలేదు. వానలో తడుస్తూ, తాటాకు కింద, దొడ్డిచివరే వండింది. కాపాడాల్సిన బిడ్డ లేకపోయినా, ఆ ఇంట్లో పొగ రానివ్వలేదు. ఆమె పోయేదాకా అంతే.

ఆ రోజుల్లో పొగకు ఒక సొంతదారు ఉండేవాడు. ఫలానావాళ్ళ ఆవు దొరికింది, ఫలానావాళ్ళ బిడ్డ లేచి కూర్చుంది అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరిదో తెలియదు. బీడీ అంటారు, ఎండలంటారు, ఎర్రచందనం దొంగలంటారు. మా అల్లుడు ఫోన్‌లో ఎర్రటి అంకె చూపించి గాలి బాలేదత్తయ్యా అంటాడు. గాలి బాలేదని చెప్పడానికి యంత్రం ఉంది, ఊపిరి అందించడానికి యంత్రం ఉంది. మొన్న కొండలు కాలిన ఆ సాయంత్రం మా మనవరాలికి పిల్లికూతలు మొదలైతే మా అమ్మాయి కంగారు లేకుండా ఒక చిన్న పెట్టె ప్లగ్గులో పెట్టి, పిల్ల ముక్కుకు గొట్టం తగిలించింది. అది బుర్రుమంది. కాసేపటికి పిల్ల ఊపిరి సర్దుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఆ పెట్టెను చూస్తూ ఏడ్చాను. అంత చిన్నది. ఆ బస్సులో నా ఒళ్ళో పట్టేది.

పిల్ల తేరుకుని, నేను మూసిన కిటికీ దగ్గరికి పోయి రెక్క తీసింది. చీకటి పడుతోంది. పొగ విడిన చోట కొండ నడుముకు అడ్డంగా ఎర్రటి వరస. "అవ్వా, రా రా, కొండకు సీరియల్ లైట్లు పెట్టారు!" అని పిలిచింది. వెళ్ళి దాని వెనక నిలబడ్డాను. చూశాను. నా రెండు చేతులూ, నేను చెప్పకుండానే, ఛాతీ దగ్గరికి లేచి జోడించుకున్నాయి. ఎంగిలి చేతులతో జోడించినప్పటి అలవాటు. నోట్లో ఎవురికో బాగైందన్న ఆ మాట కూడా తయారుగా ఉంది.

చేతులు విడదీసుకున్నాను. పిల్లను వెనక్కి జరిపి, కిటికీ మూసి, గడియ వేశాను.